సంపాదన లేని ఇల్లు

ఎనిమిది కొట్టేలోగా అన్నం దించి, గిన్నె ఖాళీ చేసి, తోమి మా అత్త చేతికివ్వాలి. ఎనిమిదింటికి వీధి వీధంతా గిన్నెలు మోగిస్తుంది. ఇంట్లోంచి దయ్యాన్ని వెళ్ళగొట్టడానికి బర్మావాళ్ళు ఎప్పటినుంచో చేసే పనే ఇది. ఫిబ్రవరిలో సైన్యం గద్దె మీద కూర్చున్నాక దయ్యం ఎవరన్నది ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. మా అత్త నరసమ్మకి మోకాళ్ళు పట్టుకుపోయాయి గాని చేతుల్లో సత్తువ తగ్గలేదు. ఆవిడకి మూత పనికిరాదు, పళ్ళెం పనికిరాదు. అన్నం వండే సత్తు గిన్నే కావాలి. "దాని గొంతు పెద్దదే. మనోల్లని పెట్టిన జైలు గోడ దాకా ఇనపడతాది" అంటుంది. కొట్టగా కొట్టగా గిన్నె అడుగు సొట్టలు పడి, పొయ్యి మీద కుదురుగా నిలవడం మానేసింది. ఓ పక్క అన్నం మాడుతుంది, ఓ పక్క పలుకవుతుంది. "ఏటమ్మీ, ఈ మద్దెన అన్నం ఒండడం మరిసిపోనావేటి?" అని అడిగేదీ ఆవిడే.

నేను జవాబు చెప్పను. మాది ట్వంటే కాలవ ఒడ్డున పల్లె. నాట్లప్పుడు నోరు తెరిస్తే నోట్లోకి వాన పోతుందనేది మా అమ్మ. వంగిన నడుం ఎత్తకుండా చుట్టూ ఏం జరుగుతోందో చూడడం మాత్రం మాకు అక్కడే అలవాటైంది.

మా ఆయన రాజమోహన్ ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ళ తాత రేవులో బస్తాలు మోశాడు. తండ్రి ఇదే వర్క్‌షాపులో పనిచేసి పోయాడు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆయన అన్నం క్యారేజీ మూత తీయకుండానే పట్టుకుని ఇంటికొచ్చేశాడు. "మానీసినాం" అన్నాడు. ఉద్యోగాలకి ఎవరూ పోకపోతే సైన్యం దేశాన్ని నడపలేదని రైలువాళ్ళు, డాక్టర్లు, బ్యాంకులవాళ్ళు, టీచర్లు ఇళ్ళల్లో కూర్చున్నారు. దానికి సీడీఎం అని పేరు వచ్చింది. జీతం ఆగింది. రైల్వే క్వార్టర్లలో ఉన్నవాళ్ళని సామాన్లతో సహా రోడ్డు మీద పెట్టారు. మాది అద్దె ఇల్లు కనక ఆ గండం తప్పింది. ఆయన వీధిలో కనిపిస్తే కుర్రాళ్ళు, సైన్యాన్ని ఎదిరించినవాళ్ళకి పెట్టే దండంగా, మూడు వేళ్ళెత్తి చూపిస్తారు. టీ కొట్టువాడు డబ్బు తీసుకోడు. నాకూ గర్వమే. ఇది ముందే చెప్పాలి, తర్వాత చెప్పబోయేది విన్నాక వేరేగా అనిపించవచ్చు కనక. ఆ క్యారేజీలో అన్నం ఆ సాయంత్రం నేనే వేడిచేసి పెట్టాను. పెడుతూ ఆయన భుజం మీద చెయ్యి వేశాను. మా ఇంట్లో అది పెద్ద మాట కిందే లెక్క.

ఆయన పని మానాక ఇంట్లో పని పెరిగింది. మధ్యాహ్నం వంట కొత్తగా వచ్చి చేరింది. ఆయనతోపాటు మానేసినవాళ్ళు పొద్దున్నే మా గుమ్మంలో చెప్పులు విడుస్తారు. వాళ్ళకి టీ, వాళ్ళు తాగిన కప్పులు, వాళ్ళు ఆర్పిన సిగరెట్ ముక్కలు. మా అమ్మాయి శ్రీదేవిని కాల్పులు మొదలయ్యాక ట్వంటేలో మా అమ్మ దగ్గరికి పంపేశాను. పిల్ల ఇంట్లో లేకపోతే పని తగ్గాలి కదా. తగ్గలేదు. వాళ్ళంతా మా ఇంటికే రావడానికి కారణం ఉంది. మార్చి మధ్యలో ఫోన్లలో ఇంటర్నెట్ తీసేశారు. గోడలోంచి తీగ వచ్చే ఇళ్ళల్లోనూ, గాలిలోంచి అందుకునే పెట్టెలున్న కొద్ది ఇళ్ళల్లోనూ మిగిలింది, అదీ పొద్దున్న తొమ్మిదయ్యాకే. మా వీధిలో ఆ తీగ ఉన్నది మా ఇంటికే. అది నా పని కోసం వేయించింది. నెలనెలా కట్టేది నేను. వీధిలో మాత్రం దాన్ని రాజమోహన్ లైను అంటారు.

నా పని కూడా చెప్పాలి. బ్రిటన్‌లో ఒక రకం ఖాతా ఉంది. మనిషి ఏడాదికింత అని అందులో పెట్టి షేర్లు కొనుక్కుంటే, పెరిగినదాని మీద పన్ను ఉండదు. ఆ ఖాతాలు నడిపే కంపెనీలు బోలెడు, ఒక్కొక్కరిదీ ఒక్కో రుసుం. అవన్నీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏది చవకో చూపించే వెబ్‌సైటు ఒకటుంది. ఆ పట్టిక నింపే పని పట్నం నడిబొడ్డున చౌక్తడాలో ఒక చిన్న ఆఫీసు చేసేది. పెళ్ళికి ముందు నుంచీ నేను అందులో ఉన్నాను. పల్లెటూరి బడిలో నేర్చిన ఇంగ్లీషుతో మొదట చాలా అవస్థ పడ్డాను. ఆ తర్వాత మా ఊరి ధాన్యం కొట్లు గుర్తొచ్చాయి. ఒకతను దాచినదాంట్లో నూటికింత అని కొలుచుకునేవాడు. రేవు దగ్గర ఇంకొకతనికి ఎంత దాచినా ఒకటే అద్దె. నాలుగు బస్తాలున్నవాళ్ళు మొదటివాడి దగ్గరికి పోయేవారు, గాదెలున్నవాళ్ళు రెండోవాడి దగ్గరికి. బ్రిటన్ కంపెనీలూ అంతే. మూడో రకం కూడా ఉంటుంది, రుసుమే లేదు, ఉచితం అంటారు. మా ఊరి మిల్లులోనూ వడ్లు ఊరికే ఆడి ఇచ్చేవారు. తవుడు మాత్రం వాళ్ళే ఉంచుకునేవారు. ఆ ఉచితాల్లో తవుడు ఎక్కడ పోతోందో పట్టుకోవడమే నా పనిలో కష్టమైన భాగం. వేరే దేశపు షేరు కొంటే డబ్బు మార్చినందుకు కోసుకుంటారు. కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య సందులో కోసుకుంటారు. అక్కడి ఆఫీసులో నాకు పైన ఉన్న హెలెన్ అనే ఆవిడ మొదట్లోనే రాసింది, ఉచితం అని కనిపిస్తే ఆగిపోవద్దు, ఇంకో పేజీ తిప్పి చూడమని.

ఫిబ్రవరిలో చౌక్తడా ఆఫీసు మూతపడింది. పట్టిక ఆగడానికి లేదు. వాళ్ళ పన్నుల ఏడాది ఏప్రిల్ ఐదున ముగుస్తుంది. అప్పటిదాకా పెట్టనివాళ్ళకి ఆ ఏటి వాటా పోతుంది కనక మార్చిలో అందరూ ఒక్కసారిగా చూస్తారు. నేరుగా నీ ఇంటినుంచి చేస్తావా అని హెలెన్ అడిగింది. చేస్తానన్నాను. బ్యాంకులు లేవు కనక డబ్బు ఒక ఏజెంటు చేతికి వస్తుంది. రాజమోహన్ వెళ్ళి తెచ్చి తల్లి చేతిలో పెడతాడు. పెడుతూ "డబ్బులొచ్చినాయమ్మా" అంటాడు, వాన వచ్చిందన్నట్టు. వానని ఎవరూ పంపరు కదా, అదే వస్తుంది.

మార్చి చివర్లో ఒక రోజు కూర్మనాథం మావయ్య వచ్చాడు. వీధి చివర కిరాణా కొట్టు ఆయనది. పూర్వం వాళ్ళకి చౌక్తడాలో పెద్ద బట్టల దుకాణాలుండేవట. సర్కారు తీసుకోగా మిగిలింది ఈ కొట్టు. పేటలో కలిగినవాళ్ళ దగ్గర బియ్యం పోగుచేసి, సీడీఎంలో ఉన్న ఇళ్ళకి పంచే పని ఆయన నెత్తినేసుకున్నాడు. వెనక సంచి మోసుకుని పనివాడు నిలబడ్డాడు. ఆయన కుర్చీ అంచున కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"ఒరే రాజమోహనా, ఓ మాట అడగాల, తప్పుగా అనుకోకు. బియ్యం ఇచ్చినోల్లు అడుగుతన్నారు. ఇంట్లో ఎవులికీ సంపాదన నేనోల్లకే ఇమ్మంటన్నారు. మరి మీ ఇంట్లో?"

"ఎవులికీ నేదు మావయ్యా."

నేను రాజమోహన్ వీపు వెనకే, కిటికీ కింద బల్ల దగ్గర ల్యాప్‌టాప్ ముందు ఉన్నాను. ఒక కంపెనీ వాళ్ళు ఖాతా తీసేసినందుకు కూడా డబ్బు పుచ్చుకుంటున్నారో లేదో వెతుకుతున్నాను. వేళ్ళు ఆగాయి.

కూర్మనాథం మావయ్య మెడ చాపి నావైపు చూశాడు. "మరి కోడలుపిల్ల రోజంతా ఆ డబ్బా కాడ టకటకలాడిస్తాది గదా?"

మా అత్త అందుకుంది. "అదా, ఎవులో తెల్లోల్ల డబ్బులు సూస్తాది బావూ. సూసుకోడానికి మనకెలాగూ నేవు, ఆల్లవన్నా సూడనీ."

కూర్మనాథం మావయ్య బొజ్జ కదిలేట్టు నవ్వాడు. పనివాడు నవ్వాడు. రాజమోహన్ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. నేనూ నవ్వాను. మాట బాగుంది మరి. సంచి దింపి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నేను లేచి సంచి లోపలికి లాక్కెళ్ళాను. చేట ముందేసుకుని రాళ్ళు ఏరుతూ, ఆయన ఆ మాట అంటున్నప్పుడు మొహం ఎలా ఉందో చూడలేకపోయానే అనుకున్నాను. వీపే కనబడింది నాకు. ఆ వీపుకి అబద్ధం ఆడుతున్నట్టేమీ లేదు. మామూలుగా ఉంది. నిన్న కూర ఏమిటని అడిగితే చెప్పినట్టు ఉంది. అబద్ధం ఆడుతున్నానని తెలిసి ఆడితే నాకు ఇంత పట్టేది కాదేమో. వర్క్‌షాపు జీతం సంపాదన. మానేసిన ఆ జీతం కూడా ఒక రకం సంపాదనే, దానికి దండాలు వస్తున్నాయి. నాది మాత్రం వాన. మా అత్త నా ఎదురుగా మోకాళ్ళు చాపుకుని చేటలోకి చెయ్యి పెట్టింది. "ఎవులిచ్చినా బియ్యం బియ్యమేలేయే" అంది. కాసేపటికి, ఎవరో అడిగినట్టు తనే చెప్పింది. "ఆ వర్కుసాపు గేటు కాడ నేను గారెలేసి అమ్మినాను, ఈడు కడుపులో ఉన్నకాడ్నించీ ఈడికి ఉద్దోగం వొచ్చేదాకా. మీ మావ సచ్చిందాకా 'నా జీతంతో పెంచినాను' అనేవోడు. పోన్లే అనుకునేదాన్ని. నూనె మరకలు నా సీరకి, పేరు ఆడికి." అని నవ్వి, ఒక రాయి తీసి గుమ్మంలోకి విసిరింది.

ఏప్రిల్ వచ్చింది. ఎండలు ముదిరాయి. ఆ వారమే గాలిలో వచ్చే ఇంటర్నెట్ కూడా తీసేశారు. ఇక చెప్పులు గుమ్మం దాటి వాకిట్లోకి వచ్చాయి. వాళ్ళల్లో గోపాలం అనే లైన్‌మన్ ఉన్నాడు, నోరు ఊరుకోదు. "ఒదినా, మీ ఇల్లిప్పుడు మా హెడ్డాఫీసు. బోర్డు రాయించమంటావేటి?" అన్నాడు. బోర్డు మీద ఎవరి పేరు రాయిస్తావని నేను అడగలేదు. రాజమోహన్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మద్దేన్నం మూడు కాడ్నించి ఆరు దాకా మీటింగు. మాండలే ఓల్లు, తౌంగూ ఓల్లు అందరూ తెర మీదకి వొస్తారు. నీ డబ్బా కావాల. లైనొక్కటే గదా, ఇంకేటన్నా నొక్కితే బొమ్మ ఆగిపోతాది."

ఇచ్చాను. క్వార్టర్లనుంచి గెంటేసినవాళ్ళని ఎక్కడ ఉంచాలి, ఎవరికి మందులు అందడం లేదు, ఇవీ వాళ్ళు మాట్లాడుకున్నవి. మాట్లాడుకోవలసినవే. నేను ఉల్లి పకోడీ వేస్తూ వింటున్నాను. మా దగ్గర మూడంటే బ్రిటన్‌లో అప్పుడే ఆఫీసులు తెరుస్తారు. కంపెనీలు కొత్త రుసుములు పెట్టేది ఆ వేళలోనే. వాటిని నేను చూడవలసిందీ ఆ వేళలోనే. మర్నాడూ మీటింగు పెట్టారు. మర్నాడూ ఇచ్చాను.

మూడో రోజు పొద్దున్న లైను రాగానే హెలెన్ ఉత్తరం కనిపించింది. "నీ వరుసలు రెండు రోజులుగా ఖాళీగా ఉన్నాయి. అక్కడి పరిస్థితి నాకు తెలుసు, నాకు కోపం లేదు. కష్టంగా ఉంటే ఈ పని వేరేవాళ్ళకి ఇస్తాను. చేయగలనంటే మాత్రం ఇక రోజుకింత అని కాకుండా నెల జీతానికి తీసుకుంటాం. తయారుచేసినవారు అని పట్టిక కింద నీ పేరు వేస్తాం. ఈ రోజు వరుసలు నింపి, పేరు ఎలా రాయాలో చెప్పు. సాయంత్రం దాకా చూస్తాను."

రెండుసార్లు చదివాను. రాజమోహన్ పెరట్లో నా కత్తిపీటకి సాన పడుతున్నాడు. చేతులకి పని లేక ఇంట్లో ఉన్న కత్తులన్నీ అప్పటికే పదును పెట్టేశాడు. పక్కన కూర్చుని చెప్పాను.

"హెలెన్ నెల జీతం ఇస్తానంటంది. పేరు కూడా ఎడతాదంట. ఈయేల మద్దేన్నం లైను నాకు కావాల మావా. ఈయేల నింపకపోతే పని పోద్ది."

ఆయన ఆకురాయి ఆపాడు. "పేరెందుకు?"

"సేసినోల్ల పేరు ఎయ్యడం ఆల్ల పద్ధతంట."

"ఎవులన్నా సూస్తే? బియ్యం తీసుకున్నాం గదే. ఎవులికీ సంపాదన నేదని నేను సెప్పీసినాను." ఆకురాయి కింద పెట్టాడు. "పేరు ఒద్దను. డబ్బులు ఎలాగూ వొస్తాయి గదా. ఎవులన్నా అడిగితే ఊరికే సేస్తన్నాను, నేర్సుకుంటన్నాను అను."

"ఊరికేనా?"

"మాట వరసకేలే."

నేను లేవలేదు. ఆయన కత్తి అంచు బొటనవేలితో చూస్తూ, నా మొహం వైపు చూడకుండా అన్నాడు. "నా జీతం పోనాదని సెప్పుకోగలను రత్నం. దానికి దండాలెడతన్నారు. పెళ్ళాం జీతం తింటన్నానని ఎలగ సెప్పుకోను?"

నిజం చెప్పాడు. పన్నెండేళ్ళలో ఆయన నాతో ఇంత నిజం చెప్పడం అరుదు. అందుకని కోపం రాలేదు. కత్తిపీట తీసుకుని వచ్చి వంకాయలు తరిగాను. చాలా బాగా తెగుతున్నాయి. ఊరికే చేస్తున్నానని చెప్పాలట. బ్రిటన్‌లో ఎవరో ఏడాదంతా కూడబెట్టిన డబ్బులో ఎవరు ఎంత కోసుకుంటున్నారో కనిపెట్టి చెప్పడానికి నాకు డబ్బిస్తున్నారు. ఈ ఇంట్లో ఆ పని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ చేయలేదు. ఈ ఇంట్లో అన్నీ ఉచితమే. టీ ఉచితం, పకోడీ ఉచితం, లైను ఉచితం. ఆయన తన పని మానేస్తే రైళ్ళు ఆగాయి, లోకానికి తెలిసింది. నేను మానేస్తే ఏమవుతుంది? పొయ్యి ఆగుతుంది. అది లోకానికి తెలియదు, తెలిసినా దానికి సీడీఎం అనరు, బద్ధకం అంటారు. అయినా నాకు మానాలని లేదు. అదే ఎవరికీ అర్థం కానిది. నాకు ఆ పని ఇష్టం. పట్టికలో ఒక ఖాళీ గడి ఉంటే, పేజీ వెనక పేజీ తిప్పి చివరికి ఎక్కడో చిన్న అక్షరాల్లో ఆ అంకె దొరికినప్పుడు, కాలవలో చెయ్యి పెట్టి వేళ్ళకి చేప తగిలినట్టుంటుంది. ఆ పని నా చేతిలోంచి పోకూడదు. మిగతా సంగతులు ఎలా ఉన్నా, అది పోకూడదు.

అన్నం పెట్టాక రాజమోహన్ ఖాళీ సంచి నా చేతికిచ్చాడు. "కూర్మనాథం మావయ్య ఈయేల మల్లా బియ్యం పంచుతన్నాడు. నువ్వెల్లి పట్రా. నాకు అక్కడ నిలబడాలంటే సిగ్గేస్తాది." నాకు సిగ్గు వేస్తుందేమోనని ఆయనకి తోచలేదు. సంచి తీసుకుని బయల్దేరాను.

కొట్టు ముందు వరుస ఎండలో ఉంది. నా ముందు మా ట్వే అనే బర్మా ఆవిడ నిలబడింది. ఆమె భర్త పాయింట్స్‌మన్, సీడీఎంలోనే ఉన్నాడు. క్వార్టరు ఖాళీ చేయించాక పిల్లలతో ఫయా గుడి దగ్గర సత్రం వసారాలో ఉంటున్నారు. మొహానికి రాసుకున్న తనకా గంధం చెమటకి చారలు కట్టింది. ఆమె వంతు వచ్చేసరికి కూర్మనాథం మావయ్య చేతులు తిప్పేశాడు. బియ్యం అయిపోయాయి, నీ పేరు వచ్చే వారానికి రాసుకున్నాను అని బర్మాభాషలో చెప్పాడు. ఆమె తల ఊపింది. వెంటనే వెళ్ళలేదు. వెళ్తే ఎటు వెళ్ళాలో ఆలోచిస్తున్నట్టు నిలబడింది.

ఆయన నన్ను చూసి బల్ల కిందనుంచి ఒక సంచి బయటికి లాగాడు. "నువ్వొచ్చినావా రత్నం. మీది తీసి దాసినాను. రాజమోహన్ వాటా గదా, అయిపోనిస్తానేటి?"

నేను సంచిని చూశాను. "మావయ్యా, అది ఈవిడకిచ్చీ."

"మరి మీకో?"

"మాకు అమ్ము. ఎంతో సెప్పు."

"అమ్మడమేటమ్మా! సంపాదన నేని ఇల్లు గదా మీది."

"సంపాదనుంది. నాది. మొదట్నించీ ఉంది."

వరుసలో ఉన్న మనవాళ్ళు నావైపు తిరిగారు. కూర్మనాథం మావయ్య చెయ్యి సంచి మీదే ఆగింది. "రాజమోహన్ నేదన్నాడు గదే?"

"ఆయనకి నేదు. ఆ మాట నిజమే. నన్ను మీరడగనేదు. నా ఎదరే ఆల్లనడిగినారు."

ఆయన కళ్ళద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నాడు. తప్పు పట్టడానికి ఆయనకి ఏమీ దొరకలేదు, కాని ఏదో తప్పు జరిగిందని మొహంలో ఉంది. నేను ఇంటి ఖర్చుల్లో మిగిల్చి దగ్గరుంచుకున్న డబ్బు తీసి బల్ల మీద పెట్టి, పోయినసారి తిన్న సంచికి కూడా పట్టుకోమన్నాను. కొట్టులో అమ్మకం బియ్యం తూచి పోస్తూ గొంతు తగ్గించి అన్నాడు. "మొగోడి పరువు కొట్టు కాడ పెట్టకూడదమ్మా. ఇంట్లో సెప్పుకోవాల ఇలాంటివి." ముందు ఇంట్లోనే చెప్పానని అనలేదు. మా ట్వేకి మా తెలుగు తెలియదు. ఏమైంది అక్కా, నావల్ల గొడవా అని అడిగింది. ఏమీ లేదు, ఆ సంచి నీదే అని చెప్పాను. ఆమె సంచి ఎత్తుకోవడానికి ఒక చెయ్యి పట్టి, నా సంచి నేను ఎత్తుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో చెప్పులున్నాయి. మూడు కావస్తోంది. నాకంటే ముందు మాట వచ్చినట్టుంది. ఫోన్లలో ఇంటర్నెట్ లేదు గాని మాటలు పోతాయి కదా. నన్ను చూడగానే లోపలివాళ్ళు కళ్ళు దించుకున్నారు. గోపాలం కూడా. రాజమోహన్ గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. నేను సంచి వంటింట్లో దించి, చేతులు కడుక్కుని వచ్చాను. బల్ల మీద నా ల్యాప్‌టాప్ వాళ్ళవైపు తిప్పి ఉంది. నావైపు తిప్పుకుని కుర్చీ లాక్కున్నాను.

"ఆరింటికి మీకిచ్చెస్తాను గోపాలం. అప్పట్నించీ లైను తీసేదాకా మీదే. ఇప్పుడు నాకు పనుంది."

గోపాలం రాజమోహన్ వైపు చూశాడు, నావైపు చూశాడు. "ఒదినా, ఇది దేశం పని గదా మరి..."

"ఆరింటికీ ఉంటాది దేశం."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. గోపాలం బుర్ర గోక్కుని, మాండలేవాళ్ళకి ఫోను చేసి సాయంత్రం అని చెబుతానంటూ వాకిట్లోకి వెళ్ళాడు. మిగతావాళ్ళూ లేచారు. మా అత్త ఒక మూల నుంచి అంతా చూస్తోంది. "టీ పెట్టమ్మీ ఆల్లకి" అనబోయి, సగంలో ఆపేసి, గోడ పట్టుకుని తనే లేచింది.

హెలెన్ ఉత్తరం తెరిచాను. ఈ సాయంత్రంలోగా వరుసలు నింపుతానని రాశాను. పేరు కనకరత్నం అని రాశాను. ఇంగ్లీషు అక్షరాల్లో అది చాలా పొడుగ్గా ఉంది. ఒక్క అక్షరమూ తగ్గించకుండా పంపేశాను.

అప్పుడు రాజమోహన్ నోరు తెరిచాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అంతమంది ముందర ఎందుకన్నావు రత్నం? నాతోటి అంటే సరిపోయేది గదా."

నేను తెర మీంచి కళ్ళు తిప్పి ఆయన్ని చూశాను. ఈసారి వీపు కాదు, మొహమే నావైపు ఉంది.

"నువ్వు పని మానీసినావని ఊరందరికీ తెలుసు మావా. నేను సేస్తన్నానని ఈ ఇంటికైనా తెలవాల గదా."